పావుతక్కువ పన్నెండు ఎండ

ఫిబ్రవరి 24, 2025, సోమవారం, ఆత్మకూరు

శివరాత్రి ఎల్లుండి. ఊరంతా శ్రీశైలం బస్సుల హడావిడి. స్టూడియో మధ్యాహ్నం తెరుద్దాంలే అనుకుని పొద్దున ఏడింటికే చెరువు కింద చేల దారిలో, వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లు దగ్గరికి పోయి కూర్చున్నా. ఊళ్లో దాన్ని పులిరాయి అంటారు. నడుమెత్తు పలక, ముఖం తూర్పుకు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా గానీ దాని మీద పులి ఎక్కడుందో నేనెప్పుడూ చూడలేదు.

ఏడింటికి ఎండ సరిగ్గా ఎదురుగా పడింది. బూడిద రంగు పలక, సున్నం చారలు, కుంకుమ మరకలు, నూనె జిడ్డు. అంతే. తొమ్మిదికీ అంతే. పదకొండు దాటాక ఎండ పక్కకు జరిగి రాతిని రాసుకుంటూ పోవడం మొదలైంది. పావుతక్కువ పన్నెండుకు మనిషి లేచాడు. ముందు భుజం, తర్వాత మోచెయ్యి, చేతిలో బాకు, ఎదురుగా వెనక కాళ్ల మీద నిలబడ్డ పులి. పైన ఇంకో గడిలో ఏవో చిన్న బొమ్మలు. పన్నెండున్నరకు సూర్యుడు రాయి వెనక్కి దాటాడు, అందరూ మళ్లీ రాతిలోకి పోయారు.

శాసనాలు వెతికేవాళ్లు పొద్దునో సాయంత్రమో పోవాలంటారు. నేల మీద పరుచుకున్న బండకైతే అది సరే. నిలబెట్టిన రాయికి మాత్రం అది చూసే దిక్కును బట్టి వేళ. ఈ రాయి వేళ ముక్కాలు గంట. అదీ ఎండ ఉన్న రోజునే.

ఫిబ్రవరి 25

పాస్‌పోర్టు ఫొటోకు రెండు వైపులా రెండు సాఫ్ట్‌బాక్సులు పెడతాం. ముఖం మీద నీడ ఉండకూడదని నిబంధన. అందుకే ఆ ఫొటో చూసి ఎవరి ముక్కు ఎంత ఎత్తో చెప్పలేం. పెళ్లికూతురికైతే ఒక లైటు ఆర్పేస్తాను. చెంప వంపు, గడ్డం కింద పల్లం అప్పుడొస్తాయి.

ముప్పై ఏళ్లుగా చేతి అలవాటుగా చేస్తున్న ఈ పనికి లెక్క 1760లోనే ఉంది. యోహాన్ లాంబర్ట్ లాటిన్‌లో రాసిన 'ఫోటోమెట్రియా'లో. సున్నం కొట్టిన గోడలాంటి గరుకు తలం మీద వెలుగు నిటారుగా పడితే నిండు కాంతి. అరవై డిగ్రీలు వాలి పడితే అందులో సగం. తొంభైకి సున్న. చూసేవాడు ఎక్కడ నిలబడ్డా కాంతి మారదు, దీపం ఎక్కడుందన్నదే లెక్క. అంటే ఫొటోలో ఒక చుక్క ఎంత తెల్లగా ఉందో చూస్తే, అక్కడ రాయి దీపం వైపు ఎంత వాలి ఉందో తెలుస్తుంది. ఎంత వాలిందన్నది తెలుస్తుంది గానీ ఎటు వాలిందన్నది తెలియదు. చిక్కంతా ఇక్కడే.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మా అక్క కూతురు పాప సెలవులకు వచ్చింది. ఇంజనీరింగు మూడో ఏడు. పులిరాయి సంగతి చెప్పగానే లాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

ఒక్క ఫొటోలోని నీడల నుంచి వస్తువు ఆకారం తీయడం మీద బెర్తోల్డ్ హార్న్ 1970లో ఎంఐటీలో సిద్ధాంత గ్రంథం రాశాడట. నున్నగా వంపులు తిరిగిన వస్తువైతే, దాని మీద ఊహలు కొన్ని చేసుకుంటే, అది కుదురుతుంది. మా రాతి మీద కుంకుమ ఉంది, జిడ్డు ఉంది. నల్లగా కనపడే చోట పల్లముందా, జిడ్డుందా? ఒక్క ఫొటో చెప్పలేదు.

"మామా, కెమెరా కదపొద్దు. లైటు కదుపు" అంది. 1980లో రాబర్ట్ వుడమ్ చెప్పిన ఉపాయం అది. ప్రతి చుక్కకూ మనకు తెలియనివి మూడు: రాయి ఎటు వాలింది, ఎంత వాలింది, ఆ చోట రాతి సొంత తెలుపెంత. మూడు దిక్కుల నుంచి మూడు సార్లు వెలుగు వేసి మూడు ఫొటోలు తీస్తే మూడు సమీకరణాలు. బడిలో చేసిన లెక్కే. దీపాలు మూడూ ఒకే వరుసలో మాత్రం ఉండకూడదు. నీడ పడే చోట్లు, మెరిసే చోట్లు లెక్క చెడగొడతాయి కాబట్టి మూడుకు బదులు ఇరవై తీసి, చెడ్డవాటిని వదిలేయాలి.

నేను ముప్పై ఏళ్లు లైటు కదిపింది మంచి ఫొటో ఒక్కటి ఎంచుకోవడానికి. అన్నీ కలిపితేనే ఒక విషయమవుతుందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మార్చి 2

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా చేల దారిలో. చంద్రుడు త్వరగా అస్తమిస్తాడని ఈ రోజు ఎంచుకున్నాం. ట్రైపాడ్ కాళ్ల మీద ఇసుక మూటలు. ఫోకస్ ఒకసారి పెట్టి టేపు అంటించాను. ఎఫ్ ఎనిమిది. అన్నీ చేత్తోనే, ఆటో ఏదీ లేదు. రాయి నడిమి నుంచి ఫ్లాష్ దాకా రెండు మీటర్ల పురికొస. దారం బిగువుగా పట్టి, ఫ్లాష్ పెట్టి, దారం తప్పించి, నొక్కడం. దూరం మారితే కాంతి మారుతుంది, కాంతి మారితే లెక్క అబద్ధమవుతుంది. ఇరవై నాలుగు ఫొటోలు.

పక్కింట్లో ఉండే అవ్వ, రోజూ రాయికి దీపం పెట్టే ఆవిడ, లాంతరు పట్టుకొని వచ్చి "యాందిది నాయనా, రాయికి పెండ్లి ఫొటోలా?" అని అడిగింది. విషయం చెప్తే తన లాంతరు తానే చీకట్లోకి తీసుకుపోయింది.

మార్చి 4

ఫలితం వచ్చింది. ముందు చూపించింది ఊదా, నీలం, పచ్చ కలిసిన రంగుల బొమ్మ. రంగు అంటే ఆ చోట రాయి ఏ దిక్కుకు తిరిగి ఉందో గుర్తు. తర్వాత ఒక మీట నొక్కింది. కుంకుమ పోయింది. సున్నం చారలు పోయాయి. అన్నీ వేరే బొమ్మలోకి వెళ్లిపోయాయి, మరకల బొమ్మలోకి. మిగిలింది ఒట్టి ఆకారం, ఒకే రంగు మట్టితో చేసినట్టు.

పులి మీసాలు ఉన్నాయి. వీరుడి కాలికి అందె ఉంది, దాని గీతలు మూడు. పై గడిలో ఇద్దరు స్త్రీలు మనిషిని చెరో భుజం పట్టి ఎత్తుకుపోతున్నారు. దానికీ పైన లింగం, పక్కన మొక్కుతున్న మనిషి. వీరగల్లుల్లో మామూలుగా ఉండే వరుసే: పోరు, ఎత్తుకుపోవడం, కైలాసం. మామూలే గానీ మా ఊరి రాతి మీద ఉందని ఊళ్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఇన్ని తరాల నూనె, సున్నం, వాన కింద అతను మొక్కుతూనే ఉన్నాడు.

కళ్లు చెమర్చాయి. రాసుకుంటున్నా.

మార్చి 5

ఒక లోపం. పులి తల ఎంత ఎత్తు లేచిందని అడిగాను. పాప మీట జరిపింది, పులి రాతిలోంచి జానెడు ముందుకొచ్చింది. ఇంకో వైపు జరిపింది, రూపాయి బిళ్ల మీది బొమ్మంత పలచబడింది. "రెండూ కరెక్టే మామా. ఈ ఇరవై నాలుగు ఫొటోలకు రెండూ సరిపోతాయి." లైట్లు కచ్చితంగా ఎటు నుంచి వచ్చాయో మేము రాసుకోలేదు. దూరం కొలిచాం, దిక్కు కొలవలేదు.

మార్చి 6

సాయంత్రం సగం చంద్రుడు. నిన్నటి దిగులుతో మిద్దె మీద పడుకొని చూస్తే, వెలుగూ చీకటీ కలిసే అంచు దగ్గరే గుంతలు కనపడతాయని గుర్తొచ్చింది. అక్కడ ఎండ చంద్రుణ్ణి రాసుకుంటూ పోతుంది. పావుతక్కువ పన్నెండు ఎండ. గెలీలియో 1610లో చంద్రుడి మీద కొండలున్నాయని ఆ అంచు నీడలు చూసే చెప్పాడు. చంద్రుడి వాలులను కాంతిని బట్టి కొలిచే పద్ధతి కంప్యూటర్లు ఈ పనికి దిగక ముందే, 1951లో వాన్ డిగెలన్ చేసి చూపించాడు.

మార్చి 9, ఆదివారం, ఆళ్లగడ్డ

శిల్పుల దగ్గరికి పోయాం. రోడ్డు పక్కన వరుసగా షెడ్లు, తెల్లటి రాతి పొడి, కోత మిషన్ల రొద. సన్నపనికి మాత్రం ఇప్పటికీ ఉలే. ఒక పెద్దాయన గోడకు పెట్టే పలక చెక్కుతున్నాడు, మూడు వేళ్ల మందం. అందులో నంది, నంది వెనక మనిషి, మనిషి వెనక చెట్టు. మూడు వేళ్లలో అంత లోతు ఎలా వచ్చిందని అడిగా.

"లోతు యాడుండాది సామీ, అంచులో ఉండాది. ఈ పక్క అంచు నిలువుగా కొడితే నీడ నల్లగా పడతాది, చూసేటోడు లోతనుకుంటాడు. ఎదురుగా నిలబడినంత సేపు ఎవురికీ తెలీదు. పక్కకొచ్చి చూస్తే అప్పుడు తెలుస్తాది పలచనిదని."

పాప నా వైపు చూసింది. మా లాప్‌టాప్ చెప్పిందీ అదే.

నూనె రాసిన నల్లరాతి అమ్మవారిని కూడా ఫొటో తీసి చూశాం. లెక్క కుదరలేదు. మెరుపు దీపంతో పాటు కదులుతుంది, లాంబర్ట్ సూత్రానికి లొంగదు. పెద్దాయన నవ్వలేదు, ఆలోచించాడు. ముఖం పూర్తయ్యేదాకా తామూ నూనె తాకనియ్యమన్నాడు. పొడి రాతి మీద దీపం అటూ ఇటూ తిప్పి చూసుకుంటేనే చెంపలు రెండూ సమంగా వచ్చాయో లేదో తెలుస్తుందట. నూనె వేస్తే అన్నీ అందంగానే కనపడతాయట.

మార్చి 11

శిల్పి చెప్పినదానికి రుజువు 1997లో వచ్చింది. బెల్‌హ్యూమర్, క్రీగ్‌మన్, యూలీ ముగ్గురూ కలిసి రాసిన పరిశోధన పత్రం. నిండు శిల్పాన్ని తగిన విధంగా పలచగా నొక్కి, దీపాన్నీ దానికి తగ్గట్టు జరిపితే, రెండింటి ఫొటోలూ ఒకటే. వెలుగులోనూ ఒకటే, నీడలోనూ ఒకటే. దీపం ఎక్కడుందో తెలియకుండా ఎన్ని ఫొటోలు తీసినా ఆ సందేహం తీరదు. దానికి వాళ్లు పెట్టిన పేరే గోడశిల్పం పేరు: పలచని ఉబ్బుచెక్కడపు సందిగ్ధత అని మన మాటల్లో చెప్పుకోవచ్చు.

లోకంలో గోడలకు బొమ్మలు చెక్కిన శిల్పులంతా దీని మీదే బతికారు. ఆ మాట గణితంలోకి రావడానికే ఇన్నాళ్లు పట్టింది. ఇది చదివి నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నా.

మార్చి 14

పున్నమి. చంద్రుడి మీద ఒక్క గుంత లేదు. లాంబర్ట్ లెక్క ప్రకారం నిండు చంద్రుడు నడుమ తెల్లగా, అంచుల్లో మసకగా ఉండాలి, సున్నం పూసిన బంతిలా. అలా లేడు, అంచుదాకా ఒకటే తెలుపు, వెండి పళ్లెం. చంద్రుడి దుమ్ము వెలుగును వచ్చిన దిక్కుకే ఎక్కువగా తిప్పి పంపుతుందట. పిల్లలకు చందమామ పళ్లెంలా కనపడటం వాళ్ల పొరపాటు కాదు.

మార్చి 16

వీరగల్లు ప్రింటు ఒకటి తలకిందులుగా గోడకు పెట్టాడు మా కుర్రాడు. స్టూడియోలోకి వచ్చిన ముగ్గురూ "బొమ్మ రాతిలోకి తవ్వినట్టుందే" అన్నారు. తిప్పి పెట్టగానే ఉబ్బింది. పైనుంచి ఒకటే వెలుగు వస్తుందని మన కన్ను పుట్టుకతోనే నమ్ముతుంది కాబోలు, దానికి ఒకడే సూర్యుడు. వి.ఎస్. రామచంద్రన్ దీని మీద చేసిన ప్రయోగాలు 1988లో 'నేచర్'లో వచ్చాయి.

కన్ను కూడా దీపం ఎక్కడుందో ఊహించుకొనే చూస్తుంది. ఊహ తప్పితే గుంత గుట్టవుతుంది.

మార్చి 18

శాసనాల శాఖ వాళ్లు నకలు తీసేది ఇలా కాదు. తడి కాగితం రాతికి వేసి బ్రష్షుతో బాదితే అది అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. పైన సిరా గుడ్డతో అద్దితే ఎత్తు నల్లగా, గుంత తెల్లగా వస్తుంది. దీపంతో పని లేదు, కాగితం రాతిని తాకి తెలుసుకుంటుంది. పాత పత్తికొండ తాలూకా ఎర్రగుడి దగ్గరి అశోకుడి శాసనాల్లో ఒకటుంది, కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, మడక తిరిగినట్టు. అలాంటిది చదవాలంటే ప్రతి గీతా ఎటు లోతో తెలియాలి. తడి కాగితం అక్కడ గొప్పది. కానీ పెచ్చులూడే రాతికి, రంగు లేచే రాతికి బాదుడు మంచిది కాదు. వెలుగు తాకదు.

గ్రీసు దేశపు సముద్రంలో దొరికిన ఆంటికైతేరా యంత్రం ముక్కల మీది అక్షరాలను 2005లో ఇలాగే లైట్లు మార్చి మార్చి తీసి చదివారు. ఆ పద్ధతికి మూలం హెచ్‌పీ పరిశోధనశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో చేసిన పని. దీపాన్ని చేత్తో జరిపి తీసేటప్పుడు దాని దిక్కు కొలవడానికి ఒక నల్లటి నున్నని బంతి పెడతారు. బంతి మీద మెరుపు ఎక్కడ పడిందో చూస్తే దీపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఇంత చిన్న సంగతి మేము మార్చి 2న మరిచాం.

మార్చి 21

ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తులు దిగారు. రోడ్డు పొడుగునా కావళ్లు, మువ్వల చప్పుడు. ఇక్కణ్నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా నల్లమల దాటతారు. నాగలూటి వీరభద్రుడి గుడి రాళ్ల మీద ఎన్ని బొమ్మలున్నాయో, వాటికి ఏ వేళ ఎండ రాసుకుంటుందో ఇప్పుడు అదే ధ్యాస. ఒకాయన పులిరాయి దగ్గర ఆగి విభూతి పెట్టి పోయాడు.

ట్రాక్టరు షెడ్డులో పాత బేరింగు విప్పించి ఉక్కు గుండ్లు రెండు తెచ్చా. నిమ్మకాయ కంటే కాస్త చిన్నవి. మెరుపు బ్రహ్మాండం.

మార్చి 29, ఉగాదికి ముందు రోజు

రాయికి సున్నం కొట్టారు. తెల్లగా మెరిసిపోతోంది, చుట్టూ ఎర్రమట్టి పట్టీ. అవ్వ మనవళ్లే కొట్టారు. "ఏడాది పండగ నాయనా, మురికిగా పెట్టుకుంటామా" అంది అవ్వ. అందె మీది మూడు గీతలు పూడిపోయాయి. పులి మీసాలు లేవు.

కోపం రాలేదు, రావాల్సిన పనీ లేదు. ఇన్నేళ్లూ ఈ రాతిని నిలబెట్టింది ఆ సున్నమూ ఆ దీపమే. పట్టించుకునే చేతుల్లేని వీరగల్లులు ఎన్నో కాలవ గట్లకు, బట్టలుతికే బండలకు పోయాయి. నాకు ఆత్రం వేరే. వచ్చే ఏడు ఇంకో పొర. దాని మీద ఎవరైనా ఎనామిల్ రంగు తెస్తే?

ఏప్రిల్ 2

పాప మాత్రం సున్నం చూసి ఎగిరి గంతేసింది. "మామా, లాంబర్ట్ కోరుకున్న తలం ఇదే!" నిజమే. గరుకు, మెరుపు లేదు, మరకల్లేవు, అంతా ఒకటే తెలుపు. రాత్రి మళ్లీ పోయాం. ఈసారి రాయి పక్కన రెండు ఉక్కు గుండ్లు. ముప్పై రెండు ఫొటోలు. ప్రతి ఫొటోలో గుండు మీద చిన్న చుక్క, దీపం చిరునామా.

ఏప్రిల్ 4

ఇప్పుడు లోతు వచ్చింది. మీట జరిపితే కదలదు, ఒకటే సమాధానం. సన్నగీతలు మాత్రం సున్నం కింద పోయాయి. మొదటి రాత్రి ఫొటోల్లో సన్నగీతలున్నాయి, లోతు లేదు.

పాప చేసింది ఇది. రెండో రాత్రి తీసిన ఆకారం తీసుకొని, ఈ ఆకారానికి మొదటి రాత్రి ఫొటోలు రావాలంటే ఆ లైట్లు ఎక్కడ ఉండి ఉండాలని వెనక్కి లెక్క కట్టింది. ఇరవై నాలుగు దీపాల దిక్కులూ దొరికాయి. వాటితో మొదటి రాత్రి ఫొటోలను మళ్లీ లెక్క వేసింది. అందె మూడు గీతలూ ఈసారి తమ లోతుతో సహా వచ్చాయి. సున్నం కొట్టకపోతే ఇది ఇంత బాగా కుదిరేది కాదు.

ఒక వంక మిగిలింది. రాతి పలక మొత్తం సొరకాయ బుర్రలా కొంచెం వంగినట్టు వస్తోంది. ఫ్లాష్ దగ్గరగా ఉండటం వల్ల: లెక్క దీపం సూర్యుడంత దూరంలో ఉందనుకుంటుంది, మాది రెండు మీటర్లలో ఉంది. వాలుల్ని కూడుకుంటూ పోయి ఎత్తు కట్టేటప్పుడు చిన్న తప్పులు పేరుకుంటాయి. పక్కపక్క గీతల తేడా నమ్మొచ్చు, ఆ చివర నుంచి ఈ చివరికి కొలత నమ్మకూడదు.

ఏప్రిల్ 8, శ్రీశైలం

పని మీద పోయి, సాయంత్రం ప్రాకారం చుట్టూ తిరిగా. విజయనగర కాలపు గోడ, బయటి వైపు వరుసల మీద వరుసలు బొమ్మలు: ఏనుగులు, గుర్రాలు, వేటలు, యోగులు, శివుడి కథలు. 1794లో కాలిన్ మెకంజీ కెప్టెన్‌గా ఇక్కడికొచ్చి ఈ చెక్కడాల గురించి రాశాడు. అది 1798లో 'ఏషియాటిక్ రీసెర్చెస్' అయిదో సంపుటంలో అచ్చయింది.

కెమెరా తీయలేదు, నిలబడి చూశా. నాలుగున్నర దాటగానే ఎండ దక్షిణం గోడను విడుస్తూ రాసుకుంటూ పోయింది. ఆ కాసేపూ ఏనుగులన్నీ నడిచాయి. తర్వాత ఎండ ఉత్తరం గోడ ఎక్కింది. చలికాలం నెలల్లో ఆ గోడకు ఎండ తగలదు. మే మొదటి వారంలో సూర్యుడు ఇక్కడ నడినెత్తిని దాటి ఉత్తరానికి పోతాడు, ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నాలు ఆ గోడ మీద పైనుంచి జారుతాడు. అందులో సగం రోజులు మబ్బు. ఉత్తరం గోడ బొమ్మల్ని నడి మధ్యాహ్నపు వాలు ఎండలో చూడాలంటే ఏడాదిలో దొరికేవి కొద్ది వారాలే.

ఈ గోడకు ఉక్కు గుండ్లూ ఫ్లాషులూ అనుమతితో, పద్ధతిగా, నెలల తరబడి పెట్టాల్సిన వాళ్లు పెట్టాలి. పెట్టాలని గట్టిగా కోరుకుంటున్నా.

ఏప్రిల్ 12

లాప్‌టాప్ అవ్వ ముందు పెట్టి బొమ్మ తిప్పి చూపించాం. చాలాసేపు చూసింది. పై గడిలో మొక్కుతున్న మనిషి దగ్గర వేలు పెట్టింది.

"ఈయప్ప నాకు తెలుసు. పసుపు పెట్టేటప్పుడు చేతికి తగుల్తాడు. కండ్లకు కనపడడు."

"ఎంత లోతు తగుల్తాడవ్వా?"

రాయి దగ్గరికి తీసుకుపోయింది. సున్నం మీద తడిమి చోటు పట్టుకుంది, మొక్కే చేతుల కింది పల్లం. బొటనవేలి గోరు దించి చూపింది. సగం గోరు దాకా దిగింది. నేను స్కేలు పెట్టాను: 5 మిల్లీమీటర్లు. పాప లెక్కలో అక్కడ 4.6 ఉంది. మిగతాది సున్నం పక్కల పేరుకోవడం వల్ల కావచ్చు, మా వంకర వల్ల కావచ్చు.

అవ్వ వేలు అక్కడే ఉంచి, పక్కకు జరిపి, "ఈడ ఇంగొకటి ఉండాది సూడు, గంట మాదిరి" అంది. మా బొమ్మలో అక్కడ ఏమీ లేదు. ఇరవై నాలుగింటిలోనూ ముప్పై రెండింటిలోనూ ఆ మూల పై అంచు నీడలోనే ఉంది. రేపు రాత్రి కింది నుంచి లైటు వేయాలి.